పొయ్యి జోలికి పోని తీపి

మే నెల రెండోవారం వచ్చిందంటే తెనాలిలో మా పుట్టిల్లు సత్రమైపోతుంది. పిల్లలకు సెలవులు, మామిడికాయ కోతకొచ్చే రోజులు, పైగా ఆవకాయ పెట్టే వంక ఒకటి. విజయవాడ నుంచి నేనూ నా సంసారం, హైదరాబాదు నుంచి చెల్లెలూ దాని సంసారం, బాబాయి పిల్లలు, వాళ్ల పిల్లలు... లెక్కపెడితే పదిహేడు మందిమి తేలతాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో పెద్ద ఫ్యాను కింద చాపలు పరుచుకుని, కూలర్లో నీళ్లు పోసుకుని మొదలుపెట్టిన కబుర్లు సాయంత్రం మల్లెపూలమ్మి కేక వేసేదాకా సాగుతాయి. మీ ఇళ్లల్లోనూ ఇంచుమించు ఇంతే కదా!

ఆ కబుర్లలో మా వదిన ఉండదు. ఉండదన్న సంగతి గమనించడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది.

మా వంటగది పాతకాలంది. ఒకే కిటికీ, అదీ పడమర వైపు. ఫ్యాను వేస్తే గ్యాసు మంట ఆరిపోతుందని అసలు ఫ్యానే పెట్టించలేదు. అందులో నిలబడి వదిన పదిహేడు మందికి వండేది. భోజనాలయ్యాక గిన్నెలు సర్దుకుని, మళ్లీ సాయంత్రానికి ఏదో ఒక తీపి మొదలుపెట్టేది. ఒకరోజు బొబ్బట్లు, ఒకరోజు పూర్ణాలు, ఒకరోజు సేమ్యా పాయసం. ఆడపడుచులం ఏడాదికోసారి వస్తామాయె, తీపి లేకపోతే ఎలా? మేం తినేవాళ్లం, 'నీ చేతి బొబ్బట్టు ఎవరికీ రాదు వదినా' అనేవాళ్లం. ఆ మాట మెచ్చుకోలే అనుకున్నాను అన్నేళ్లూ. ఇంకో రెండు వెయ్యమని చెప్పడం కూడా అదేనని తట్టలేదు.

2015 మే ఆఖరి రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ నెలలో వీచిన వడగాడ్పులకి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. సరిగ్గా ఆ వారంలోనే మేమంతా తెనాలిలో ఉన్నాం. మధ్యాహ్నం మూడున్నర. వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. 'వదినా, బొబ్బట్టు మాడుతోంది చూడు' అని హాల్లోంచే కేకేశాను. పలకలేదు. మళ్లీ కేకేశాను. అప్పటిగ్గానీ లేచి వెళ్లలేదు. వెళ్లేసరికి వదిన పొయ్యి గట్టు పక్కన నేలమీద పడి ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. పెనం మీద బొబ్బట్టు నల్లగా మాడిపోతోంది.

ఆస్పత్రిలో సెలైన్లు ఎక్కించారు. ఇంకో గంట ఆలస్యమైతే మాట దక్కేది కాదన్నారు డాక్టరుగారు. దేవుడి దయవల్ల రెండు రోజుల్లో ఇంటికొచ్చింది. మూడోరోజు పొద్దున చూద్దును కదా, మళ్లీ పొయ్యి దగ్గరే ఉంది! 'ఊరికే కూర్చుంటే కాళ్లు పట్టేస్తున్నాయి' అంది.

అప్పుడనుకున్నాను, వచ్చే ఏడాది నుంచి సాయంత్రం తీపి నా బాధ్యత అని. అదీ పొయ్యి ముట్టుకోకుండా చేసే తీపి అయ్యుండాలి అని.

మొదటిసారి చెడగొట్టిన తీరు

మా చిన్నాన్నగారి మనవరాలు దుబాయ్‌లో నర్సు. దాంతో కలిసి పనిచేసేవాళ్లలో ఫిలిప్పీన్స్ అమ్మాయిలు ఎక్కువమంది. వాళ్లు పుట్టినరోజులకీ క్రిస్మస్‌కీ 'మ్యాంగో ఫ్లోట్' అని ఒకటి చేస్తారట. బిస్కెట్లు ఒక వరుస, క్రీము ఒక వరుస, మామిడిపండు ఒక వరుస. మళ్లీ బిస్కెట్లు, మళ్లీ క్రీము. అలా పేర్చి ఫ్రిజ్‌లోనో ఫ్రీజర్‌లోనో పెట్టేయడమే. ఓవెను లేదు, పొయ్యి లేదు, గుడ్డు లేదు. అమెరికాలో 1920, 30 ప్రాంతాల్లో ఇళ్లలోకి ఫ్రిజ్‌లు వస్తున్న రోజుల్లో ఆడవాళ్లు ఇలాంటివే చేసి ఐస్‌బాక్స్ కేక్ అనేవారట. వాళ్ల వాళ్ల దేశాల్లో వేరే రకం బిస్కెట్లు వాడతారు. మనకి మారీ బిస్కెట్ ఉండనే ఉంది.

మారీ అంటే గుర్తొచ్చింది. జ్వరమొచ్చినప్పుడు టీలో ముంచుకు తినే ఈ బిస్కెట్టు మొదట ఒక రాజకుమార్తె పెళ్లి కోసం పుట్టిందంటే నమ్ముతారా? 1874లో రష్యా రాజకుమారి మారియాకీ, ఇంగ్లండు రాణి విక్టోరియా కొడుక్కీ పెళ్లయితే, ఆ పెళ్లి గుర్తుగా లండన్‌లో పీక్ ఫ్రీన్ అనే కంపెనీ చేసింది. ఇప్పుడది మన ఊళ్లో కిళ్లీకొట్టులో కూడా దొరుకుతోంది.

సరే, 2016లో విజయవాడలో మా ఇంట్లోనే రెండు రోజుల ముందు చేసి పెట్టుకున్నాను. బాగానే గడ్డకట్టింది. గొప్పగా పట్టుకుని తెనాలి బయల్దేరాను. ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దారి, మే నెల ఎండ, దారిలో రైలు గేటు దగ్గర ఇరవై నిమిషాలు. ఇల్లు చేరి మూత తీస్తే లోపల మామిడిపండు రంగు మజ్జిగ! కంగారుపడి ఫ్రీజర్‌లో తోసేశాను. రాత్రి తీస్తే కత్తి దిగలేదు. పైన బెడ్డల్లా మంచు పలుకులు, లోపల బిస్కెట్లు పిండిముద్ద, మామిడి ముక్కలు గులకరాళ్లు. పిల్లలు చప్పరించి చూసి పక్కన పెట్టేశారు.

అసలు జరగకూడనిది అది కాదు. పొద్దున వచ్చీ రాగానే 'వదినా, ఇవాళ నువ్వు తీపి చెయ్యక్కర్లేదు, నేను తెచ్చాను' అని అందరి ముందూ ప్రకటించాను. వదిన 'అలాగే' అంది. ముఖం చిన్నబోయింది. ఆ సాయంత్రం నా డబ్బా పరువు పోయాక, ఒక్క మాటనకుండా లేచి, పొద్దున్నే నానబెట్టుకున్న శనగపప్పు ఉడకేసి బొబ్బట్లు చేసి తెచ్చింది. అంటే నేను వద్దన్నా నానబెట్టుకునే ఉందన్నమాట! పడుకోబోయే ముందు నా పక్కన చేరి, 'నా చేతి తీపి మొహం మొత్తితే చెప్పాల్సింది. పైనుంచి తెచ్చుకోవడం దేనికి?' అంది.

నాకు నోట మాట రాలేదు. ఆవిడ కష్టం తగ్గిద్దామనుకుంటే ఆవిడ గౌరవం మీద చెయ్యి వేశానన్నమాట. ఇరవై ఏళ్లకు పైగా ఆ ఇంట్లో ఆవిడది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ వంటే కదా. 'అది కాదు వదినా, నువ్వు మా దగ్గర కూర్చోవాలని' అన్నాను. 'కూర్చుని ఏం చెయ్యను?' అని నవ్వి లేచి వెళ్లిపోయింది.

ఇద్దరం కలిసి చేస్తే

2017లో పద్ధతి మార్చాను. ఏదీ చేసి తీసుకెళ్లలేదు. సరుకులు మాత్రం పట్టుకెళ్లి వంటింట్లో గట్టు మీద పెట్టి, 'కిందటేడు ఎందుకు చెడిందో నువ్వే చెప్పు వదినా' అన్నాను. నిజంగానే నాకు తెలీదు. వదిన నడుముకి చెంగు దోపుకుని ఒక్కొక్కటీ తీసి చూసింది. పది నిమిషాల్లో నా తప్పులన్నీ బయటపెట్టింది. ఫ్రీజర్ తీపి ఆవిడ ఎన్నడూ చేయకపోవచ్చు గానీ, పాలూ పెరుగూ మామిడిపండూ ఎలా ప్రవర్తిస్తాయో ఆవిడకి తెలియంది లేదు. ఇప్పుడు చెప్పబోయే కొలతలు అప్పటినుంచి ఏటా చేస్తూ మేమిద్దరం కుదుర్చుకున్నవి.

తొమ్మిదంగుళాల చదరపు డబ్బాకి, అంటే సుమారు ఇరవై ముక్కలకి, కావలసినవి ఇవి: బాగా పండిన పెద్ద బంగినపల్లి కాయలు నాలుగు, మారీ బిస్కెట్లు 300 గ్రాములు, ఫ్రెష్ క్రీము అర లీటరు, 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాలో ముప్పావు వంతు, అర లీటరు కమ్మని గడ్డపెరుగు, కాచి చల్లార్చిన పాలు ఒక గ్లాసు, నాలుగు యాలకులు, చిటికెడు ఉప్పు. పైన చల్లడానికి జీడిపప్పో పిస్తాపప్పో ఉంటే సరి, లేకపోతే లేదు.

చెయ్యడం ముందురోజు పొద్దున్నే, ఎండెక్కక ముందు మొదలుపెట్టండి. పెరుగుని పలచటి గుడ్డలో మూటకట్టి, ఫ్రిజ్ లోపలే గిన్నె మీద జల్లెడ పెట్టి అందులో మూడు నాలుగు గంటలు వదిలేయండి. బయట వేలాడదీస్తే మే నెలలో పులిసిపోతుంది. నీరంతా కారిపోయి వెన్నలాంటి ముద్ద మిగులుతుంది. ఇది వదిన ఆలోచనే. 'ఒట్టి క్రీమూ డబ్బాపాలూ అయితే నోట్లో వెగటుగా తగుల్తోంది, కాస్త పులుపు తగలాలి' అంది. నిజం చెప్పొద్దూ, ఆ పెరుగు ముద్ద పడ్డాకే దీనికి రుచి వచ్చింది.

క్రీము ప్యాకెట్లు ముందురాత్రే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రీజర్‌లో కాదు. గిన్నె కూడా చల్లగా ఉండాలి. మన దగ్గర మామూలుగా దొరికే ఫ్రెష్ క్రీములో కొవ్వు 25 శాతమే. దాన్ని ఎంత గిలక్కొట్టినా బేకరీ కేకు మీది క్రీములా పొంగి నిలబడదు. పొంగలేదని దిగులుపడి కొట్టుకుంటూ కూర్చోకండి, విరిగినట్టయిపోతుంది. కవ్వంతో నాలుగైదు నిమిషాలు తిప్పి చిక్కబడితే చాలు. అందులో పెరుగు ముద్ద, కండెన్స్‌డ్ మిల్క్, యాలకుల పొడి, ఉప్పు వేసి ఉండలు లేకుండా కలపండి.

మామిడిపండ్లు కడిగి, తుడిచి, తొక్కతీసి గుజ్జు చెయ్యండి. ముక్కలు లోపల వెయ్యకండి, నేను చేసిన తప్పు అదే. పండులో నీళ్లెక్కువ కాబట్టి ముక్క గడ్డకట్టిందంటే పన్ను విరగాల్సిందే. గుజ్జుకి రెండు చెంచాల కండెన్స్‌డ్ మిల్క్ కలిపితే అది కూడా మెత్తగా ఉంటుంది. ముక్కలంటే ఇష్టమున్నవాళ్లు తినబోయే ముందు పైన తాజాగా కోసి వేసుకోవాలి.

ఇక పేర్చడం. డబ్బా అడుగున, పక్కలకీ బటర్ పేపరు పరిచి, అంచులు పైకి వదలండి. తర్వాత ముక్క ఊడదీయడానికి పట్టుకొమ్మలా ఉంటుంది. బిస్కెట్టుని చల్లటి పాలలో 'ఒకటి' అనేలోపు ముంచి తీసి పరవాలి. 'రెండు' అన్నారంటే చేతిలోనే విరిగిపోతుంది. సందుల్లో విరిగిన ముక్కలు సర్దండి. దానిమీద క్రీములో మూడోవంతు, దానిమీద గుజ్జులో మూడోవంతు. ఇలా మూడు వరుసలు. పైన గుజ్జు వచ్చేలా ముగిస్తే పసుపుపచ్చగా చూడ్డానికి బాగుంటుంది. డబ్బాని నేలకేసి మెల్లగా రెండుసార్లు తట్టి, గట్టిగా మూత పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెబుతాను. డబ్బాని వెంటనే ఫ్రీజర్‌లో పెట్టకండి. మూడు నాలుగు గంటలు కింద ఫ్రిజ్‌లో ఉంచండి. బిస్కెట్లు క్రీములోని తడి పీల్చుకుని కేకులా మెత్తబడేది అప్పుడే. నేరుగా ఫ్రీజర్‌లో పెడితే ఆ తడి కాస్తా మంచైపోతుంది, బిస్కెట్టు బిస్కెట్టుగానే అట్టముక్కలా ఉండిపోతుంది. మెత్తబడ్డాక ఫ్రీజర్‌లోకి మార్చి రాత్రంతా వదిలెయ్యండి. మర్నాడు సాయంత్రం తినడానికి పావుగంట ముందు కింద అరలోకి దించుకుంటే కత్తి సులువుగా దిగుతుంది. కత్తిని వేడినీళ్లలో ముంచి కోస్తే అంచులు చక్కగా వస్తాయి. మే నెలలో దానికీ పొయ్యి వెలిగించక్కర్లేదు, డాబా మీది ట్యాంకు నీళ్లు పట్టుకుంటే సరి!

అడిగినవాళ్లకి చెప్పినవి

ఏటా ఎవరో ఒకరు నన్నో వదిననో ఆపి అడుగుతూనే ఉంటారు. 'రసాలతో చెయ్యొచ్చా?' చెయ్యొచ్చు. కానీ రసాల్లో పీచూ నీరూ ఎక్కువ. వడగట్టుకోవాలి, పైగా మంచు పలుకులు కాస్త ఎక్కువ కడతాయి. బంగినపల్లికి పీచు లేదు, గుజ్జు చిక్కన. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మేం కలిసి మొదటిసారి చేసిన ఏడాదే అది, అందుకని మా ఇంట్లో దాన్ని మా ఘనతగానే చెప్పుకుంటాం. రసాలు మాత్రం చేత్తో పిసికి జుర్రుకోవాల్సినవి. వాటిని డబ్బాలో బంధించడం పాపమని మా అమ్మ తీర్పు.

'తీపి తగ్గించుకుని చేస్తే?' కొంచెం తగ్గించండి, మరీ కాదు. చక్కెర ఉన్న కొద్దీ గడ్డ మెత్తగా ఉంటుంది, తగ్గించిన కొద్దీ రాయవుతుంది. కండెన్స్‌డ్ మిల్క్ అర డబ్బా కంటే తగ్గితే అది ఐసుగడ్డే. అందుకని షుగరున్నవాళ్ల కోసమని ప్రత్యేకంగా చప్పగా చేయడం కన్నా, వాళ్లకి ముక్క చిన్నది కొయ్యడం మేలు. మా అమ్మకి షుగరు. అగ్గిపెట్టెంత ముక్క కోసి పెడతాం. ఆవిడ దాన్ని పావుగంటసేపు తింటుంది, పక్కవాళ్ల పళ్లెంలోకి చూస్తూ.

బజార్లో 'విప్ క్రీము' అని అమ్మేవాటిలో చాలావరకు పాలతో చేసినవి కావు, నూనె కొవ్వుతో చేసినవి. అవి బాగా పొంగుతాయి, చూపుకి అందంగా ఉంటాయి. వాడాలా వద్దా అన్నది మీ ఇష్టం. ప్యాకెట్ మీద ఏం రాసుందో చదివి కొనుక్కోండి, అంతే. ఐస్‌క్రీము విషయంలోనూ ఇదే తిరకాసు. నూనె కొవ్వుతో చేసిందైతే 'ఫ్రోజెన్ డెజర్ట్' అని రాసి ఉంటుంది, చాలామంది చూసుకోరు. శాకాహారులు ఇంకొకటి కూడా చూసుకోవాలి. కొన్ని రకాల పుడ్డింగుల్లో గట్టిపడటానికి జిలటిన్ వేస్తారు. అది జంతువుల ఎముకలనుంచీ, తోళ్లనుంచీ తీసేది. మన దాంట్లో దాని అవసరమే లేదు, గట్టిపరిచే పని ఫ్రీజరే చూసుకుంటుంది.

సింగిల్ డోర్ ఫ్రిజ్ ఉన్నవాళ్లు ముందే ఒక్కసారి ఫ్రీజర్ తెరిచి చూసుకోండి. మా పుట్టింటి ఫ్రిజ్‌ది అలాంటిదే. లోపల మంచు బెత్తెడు మందాన పేరుకుని ఉంటే మీ డబ్బా అందులో దూరదు, దూరినా సరిగ్గా గడ్డకట్టదు. రెండు రోజుల ముందే ఆపి కరిగించి శుభ్రం చేసుకోవాలి. పెద్ద డబ్బా ఒకటి పట్టకపోతే చిన్న స్టీలు టిఫిను డబ్బాలు రెండు. నిజానికి స్టీలే త్వరగా చల్లబడుతుంది కూడా. మూత బిగుతుగా లేకపోతే మాత్రం, పక్కనున్న అల్లంవెల్లుల్లి ముద్ద వాసన మొత్తం మీ మామిడిపండుకి పట్టేస్తుంది. మా చెల్లెలు హైదరాబాదులో చేసుకున్నప్పుడు పట్టేసింది. వాళ్లాయన 'కొత్త రుచి' అని మెచ్చుకున్నాడట, పాపం.

కరెంటు సంగతి. పోయిందని తెలియగానే అందరూ చేసే పని ఫ్రిజ్ తలుపు తీసి చూడటం. తీయకండి! మూసి ఉంటే గంటా రెండు గంటలకి ఏమీ కాదు. ఒకవేళ పూర్తిగా కరిగిపోయి వెచ్చబడితే, మళ్లీ గడ్డకట్టించి పెట్టే ప్రయత్నం చేయొద్దు. 2016లో నేను చేసింది అదే. రుచి పోవడం ఒక్కటే కాదు, పాలూ పెరుగూ వెచ్చబడినప్పుడు చేరిన క్రిములు ఫ్రీజర్‌లో చచ్చిపోవు, ఊరికే నిద్రపోతాయి. పిల్లలు ఆ రోజు చప్పరించి వదిలేయడం ఎంత మంచిదయిందో ఇప్పుడు తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది. ఇంకా చల్లగా ఉండగానే కనిపెడితే గ్లాసుల్లో పోసి అప్పటికప్పుడు తాగెయ్యండి. లేదా మనసు రాయి చేసుకుని పారబొయ్యండి. అలాగే ఊరికి మోసుకెళ్లే ఆలోచన పెట్టుకోకండి. ఎక్కడ తింటామో అక్కడే చేసుకోవాలి.

అమ్మ అభ్యంతరం

2017లో మేమిద్దరం డబ్బా ఫ్రీజర్‌లో పెడుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. 'పొయ్యి ఎక్కనిది తీపేమిటే? ఆడపిల్లలు ఇంటికొస్తే పొయ్యి మీద బూరెల మూకుడైనా ఉండొద్దూ?' అంది. వదిన తలొంచుకుంది. ఎప్పుడూ అంతే, అత్తగారి మాటకి ఎదురు చెప్పి ఎరగదు. నేను ఏదో అనబోయే లోపు వదినే మెల్లగా అంది: 'శ్రీరామనవమికి పానకం, వడపప్పు పొయ్యి మీద పెట్టం కదా అత్తయ్యా. రాముడే తింటున్నాడు.'

అమ్మకి జవాబు దొరకలేదు. కాసేపాగి, 'ఆవకాయా పొయ్యి మీద పెట్టం లే' అని తనే ఇంకొకటి కలిపి వెళ్లిపోయింది. చూడబోతే ఎండాకాలంలో మన పెద్దవాళ్లు పొయ్యి ఊసులేకుండా పెట్టుకున్నవి తక్కువేం కాదు. అవన్నీ ఎండ చూసే పెట్టారని నేననను గానీ, వదిన ఆ మాట అన్నాక ఇంట్లో ఇంకెవరూ ఆ అభ్యంతరం తేలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. గిన్నెలు సర్దడం అయింది. వదిన అలవాటు కొద్దీ మళ్లీ వంటింట్లోకి వెళ్లి నిలబడింది. చెయ్యడానికి ఏమీ లేదు. డబ్బా ఫ్రీజర్‌లో ఉంది, పొయ్యి తుడిచేసి ఉంది. గట్టు ఇంకోసారి తుడిచింది. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఫ్యాను కింద కూర్చోబెట్టాను. కొత్తవాళ్లింటికి పేరంటానికి వచ్చినదానిలా చాప అంచున కూర్చుంది. అప్పటికే పిల్లలు సుద్దముక్కతో గీసి అష్టాచెమ్మా ఆడుతున్నారు. నాలుగో మనిషి తక్కువయ్యారు. 'అత్తా, నువ్వు రా' అని లాగారు.

మాకెవరికీ తెలీదు. వదిన చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో అష్టాచెమ్మాలో ఎవరికీ లొంగేది కాదట! గవ్వలు గుప్పిట్లో ఆడించి, అరచెయ్యి బోర్లించి విసిరితే అష్ట. మళ్లీ విసిరితే చెమ్మ. పండబోతున్న మా చెల్లెలి కాయని వెనకనుంచి వచ్చి చంపేసింది. నా కాయలు మూడు చంపింది. చంపినప్పుడల్లా పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఇరవై నాలుగేళ్ల నుంచి ఎరిగిన మనిషి, ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. అమ్మ కూడా కళ్లజోడు పెట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

ఐదింటికి డబ్బా తీశాం. మామూలుగా నాలుగు నిలువు, నాలుగు అడ్డం కోస్తే పదహారు ముక్కలు. 2016లో నేను అలాగే కోశాను. ఆ ఏడాది అది ఎవరూ తినలేదు కాబట్టి పదిహేడో మనిషి ఎవరన్న ప్రశ్న రాలేదు. వస్తే ఎవరు 'నాకొద్దులే, నాకు తీపి పడదు' అని ఉండేవారో మీకు వేరే చెప్పాలా? ఈసారి కత్తి వదిన చేతిలో ఉంది. కత్తి మూడుసార్లు నిలువునా, నాలుగుసార్లు అడ్డంగా దించింది. ఇరవై ముక్కలు. తన పళ్లెం తను ముందు తీసుకుని పక్కన పెట్టుకుంది.

అప్పటినుంచి 2020, 21 రెండేళ్లు కరోనా వల్ల కలవలేకపోయాం గానీ, మిగతా ఏడాదులు ఇదే వరస. ఇప్పుడిది వదిన వంటకమే. ఆ వీధిలో మూడిళ్ల వాళ్లు ఆవిడ దగ్గరే నేర్చుకున్నారు. నేను అడక్కుండా వేలు పెడితే 'నువ్వు ఆగు, నీకు తెలీదు' అంటుంది. బొబ్బట్లు మానెయ్యలేదు. ఉగాదికి చేస్తుంది, సంక్రాంతికి చేస్తుంది, అప్పుడు చలికాలం పొయ్యి దగ్గర హాయిగా ఉంటుందంటుంది. మే నెలలో మాత్రం మధ్యాహ్నం మూడు దాటితే మా వంటింట్లో పొయ్యి వెలగదు.

పోయిన మే నెలలో ఒకనాటి మధ్యాహ్నం. ఆట మంచి పట్టుమీదుంది. వదినకి ఒకే ఒక కాయ పండాల్సి ఉంది. పిల్లల్లో ఒకడు 'డబ్బా ఎప్పుడు తీస్తారు?' అని పేచీ మొదలుపెట్టాడు. మేం ఎవరం లేచే స్థితిలో లేం. వదిన గవ్వల మీంచి చూపు తిప్పకుండానే అంది: 'ఏవండీ, ఫ్రీజర్‌లోంచి ఆ డబ్బా కింద అరలో పెట్టండి. పావుగంట ఆగి పళ్లాలు సర్ది తీసుకురండి.'

అన్నయ్య పేపరు పక్కన పెట్టి లేచాడు. కాసేపటికి వంటింట్లోంచి గొంతు వినిపించింది. 'పళ్లాలు ఎక్కడుంటాయే?'